30 అడుగుల సెయిల్‌బోటుకి అడుగు రంగు: ఏది కొనాలి, ఎంత పెట్టుకోవాలి?

అడుగు రంగు అంటే బోటు నీళ్ళలో మునిగే భాగానికి గుల్లలూ పాకుడూ పట్టకుండా పూసే మందు రంగు. మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. మేరీలాండ్‌లో అన్నాపొలిస్‌కి దక్షిణంగా వెస్ట్ రివర్‌లో ఉన్న 1987 నాటి కాటలినా 30 సెయిల్‌బోటు కొన్నారు. నవంబరులో ఒడ్డుకెక్కించారు, ఏప్రిల్ ఆఖరికి నీళ్ళలో దించాలి. అడుగున ఇప్పుడున్న రంగు ఏ రకమో అమ్మినాయనకి గుర్తు లేదు. యార్డువాళ్ళు మొత్తం పనికి 3,400 డాలర్లు అడుగుతున్నారు, మీరు అనుకున్నది వెయ్యి. దుకాణంలో గాలన్ 130 నుంచి 350 దాకా డబ్బాలు చూసేసరికి కళ్ళు తిరిగాయి. పైగా పక్క స్లిప్పు (బోటు కట్టే చోటు) పెద్దాయన "నా దగ్గర 1980ల నాటి టిన్ రంగు ఉంది, దాని ముందు ఇప్పటి రంగులన్నీ దిగదుడుపే, ఊరికే ఇస్తా" అన్నాడు.

ముందు జవాబు చెప్పేస్తాను. రాగి ఉన్న మల్టీ సీజన్ (ఒకటికి మించి సీజన్లు నిలిచే) అబ్లేటివ్ రంగు రెండు గాలన్లు కొనండి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. పని మీరే చేసుకోండి. 1,100 డాలర్లు పక్కన పెట్టుకుంటే రెండు సీజన్లు గడిచిపోతాయి. హాల్ అవుట్ (ఒడ్డుకెక్కించడం), లాంచ్ (నీళ్ళలో దించడం) ఖర్చు ఇందులో కలపలేదు. ఆ రెండూ కలిపి నవంబరులోనే కట్టించుకుని ఉంటారు, రసీదు ఒకసారి చూసుకోండి. పెద్దాయన డబ్బా మాత్రం ముట్టుకోకండి, అదెందుకో కింద చెప్తాను.

అబ్లేటివ్ అంటే నీటి రాపిడికి సబ్బుబిళ్ళలా కొంచెం కొంచెంగా అరిగిపోయే రంగు. పై పొర అరిగినప్పుడల్లా కింద నుంచి కొత్త రాగి బయటపడుతుంది. గట్టి రంగు అలా అరగదు. పొర ఉన్నచోటే ఉంటుంది, అందులోని మందు మాత్రమే నీళ్ళలోకి ఊరిపోతుంది. సీజన్ చివరికి మందు అయిపోయిన ఒట్టి పెంకు మిగులుతుంది.

ఇక్కడ నేను చెసాపీక్ అఖాతంలో బోటు పెట్టి పద్నాలుగు సీజన్లయింది. అంతకు ముందు నాకు తెలిసిందల్లా కాకినాడ దగ్గర తాళ్ళరేవులో కొయ్య పడవలు కట్టడం చూడటమే. రెండు బోట్లు మారాయి, ఇప్పుడున్నది కూడా ముప్పై అడుగులదే. ఈ పద్నాలుగేళ్ళలో నేను పోగొట్టుకున్న డబ్బులో ఎక్కువ భాగం ఖరీదైన రంగు కొన్నందుకు పోలేదు. కింద ఉన్నదాని మీద పట్టని రంగు పైన వేసినందుకు పోయింది. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

కింద ఏముంది? ఇది తేలకుండా దుకాణానికి వెళ్ళొద్దు. ఒక తడిగుడ్డ తీసుకుని పాత రంగు మీద గట్టిగా రుద్దండి. గుడ్డకి రంగు దిగితే దాదాపుగా అబ్లేటివే. దిగకుండా గట్టిగా, నున్నగా ఉంటే గట్టి రంగు అయ్యే అవకాశం ఎక్కువ. ఒకేచోట కాకుండా నాలుగైదు చోట్ల చూడండి. వాటర్‌లైన్ (నీళ్ళు తాకే గీత) దగ్గర ఒక రకం, కీల్ (అడుగు నుంచి కిందికి దిగే బరువైన రెక్క) మీద ఇంకో రకం ఉన్న బోట్లు నేను చూశాను. పాత బోటు అడుగు పాత ఇంటి గోడలాంటిది, ఒక్కో ఓనరు ఒక్కో పూత పూసి పోయుంటాడు. బోటు గతంలో గ్రేట్ లేక్స్ వైపు నుంచి వచ్చిందేమో కూడా కాగితాల్లో చూడండి. అక్కడి మంచినీళ్ళలో వీసీ17 అనే పల్చటి రంగు వాడతారు. పొర కాగితంలా ఉంటుంది, కొత్తలో రాగి బిందె ఛాయలో మెరుస్తుంది. దాని మీద మామూలు రంగులు నిలవవు, పూర్తిగా తీసేయాల్సిందే.

పాతది అబ్లేటివ్ అయి, గట్టిగా అంటుకుని ఉంటే మీ పని సులువు. 80 నంబరు గరుకు కాగితం డిస్కుతో పైపైన గరుకు చేసి పూసేయొచ్చు. పాతది గట్టి రంగైనా సరే, బాగా గరుకు చేస్తే దాని మీద అబ్లేటివ్ నిలుస్తుంది. తిరకాసంతా రెండో వైపు నుంచి వస్తుంది: అబ్లేటివ్ మీద గట్టి రంగు వేయకూడదు. కింద పొర అరిగే స్వభావం ఉన్నది, పైన పొర కదలనిది. ఇసుక మీద సిమెంటు పూసినట్టవుతుంది. నేను మొదటి ఏడాది చేసింది అదే. పక్కవాళ్ళు రేసులకి వాడతారని తెలిసి ఖరీదైన గట్టి రంగు కొన్నాను. కింద ఏముందో చూసుకోలేదు. జులైలో డైవర్‌ని దింపితే అరచేతులంత పెచ్చులు అప్పడాల్లా లేచొచ్చాయి. ఆ శీతాకాలం అడుగంతా సోడా బ్లాస్టింగ్ (సోడా పొడిని గాలితో కొట్టి పాత రంగు ఊడగొట్టడం) చేయించుకుంటే 1,800 డాలర్లయింది. అదనంగా ఆ ఖరీదైన రంగు వెల.

ఎంత రుద్దినా ఏమీ తేలకపోతే టై కోట్ అనే ప్రైమర్ ఒకటి మధ్యలో వేస్తారు, పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి పట్టుకుంటుంది. అయితే టై కోట్‌కి మహత్తులేమీ లేవు. దాని కింది పొర పెచ్చులుగా లేస్తుంటే అదీ దానితోపాటే ఊడుతుంది. గోరుతో, స్క్రేపర్‌తో గీరి చూడండి. పెచ్చులు లేచే చోటల్లా ఊడగొట్టి, మిగిలిన అంచుని నున్నగా కలిపేయండి.

ఈ నీళ్ళకి ఏది పనిచేస్తుంది? మనవైపు చెసాపీక్ నీళ్ళు అటు మంచివీ కావు, ఇటు సముద్రపువీ కావు. అన్నాపొలిస్ చుట్టుపక్కల ఉప్పదనం సముద్రంలో మూడోవంతుకి అటూ ఇటూగా ఉంటుంది, వానల్ని బట్టి మారుతుంది. బార్నకిల్స్ అనే గట్టి గుల్లలు వేసవిలో పడతాయి. కానీ మనల్ని ఎక్కువ ఏడిపించేది పాకుడు. గుల్లల పిల్లల్ని రాగి బాగా ఆపుతుంది. పాకుడులో ఉండే కొన్ని సూక్ష్మజీవులు మాత్రం రాగిని లెక్కచేయవు. అందుకని డబ్బా వెనక చూసేటప్పుడు రాగి శాతం ఒక్కటే చూడకండి. జింక్ పైరిథియోన్ కూడా ఉందేమో చూడండి, పాకుడుకి మందు అది. డబ్బాల్లో క్యూప్రస్ ఆక్సైడ్ 25 శాతం లోపు నుంచి 60 దాటేవి దాకా ఉంటాయి. 60 శాతం ఉన్న గట్టి రంగులు ఫ్లోరిడా వెచ్చటి నీళ్ళలో ఏడాది పొడవునా నానే బోట్లకి కావాలి. ఏడాదిలో అయిదు నెలలు ఒడ్డున కూర్చునే బోటుకి ఆ డబ్బు దండగ.

ఒడ్డున కూర్చోవడం అనేది చిన్న విషయం కాదు. మామూలు గట్టి రంగు నెలల తరబడి గాలి తగిలితే పైపొర ఆక్సీకరణం చెంది మొద్దుబారుతుంది. మళ్ళీ దించినప్పుడు సరిగ్గా పనిచేయదు, ఏటా వేయాల్సి వస్తుంది. ఏటా వేస్తే పొర మీద పొర పేరుకుని, ఏడెనిమిదేళ్ళకి పగుళ్ళిచ్చి మొత్తం గీకించే రోజు వస్తుంది. మల్టీ సీజన్ అబ్లేటివ్‌ని శీతాకాలం ఒడ్డున ఉంచి, వసంతంలో ప్రెషర్ వాష్ చేసి అలాగే దించేయొచ్చు. పేరుకోవడం కూడా తక్కువ, ఎందుకంటే మీరు నడిపినకొద్దీ అరిగిపోతుంది కదా. చలికాలంలో బోట్లు ఒడ్డెక్కే ప్రాంతాల్లో అబ్లేటివ్ వైపు మొగ్గు చూపడానికి కారణం ఇదే.

పేర్లు అడిగారు కాబట్టి: ఇంటర్‌లక్స్ వాళ్ళ మైక్రాన్ వరుస, పెట్టిట్ వాళ్ళ హైడ్రోకోట్, రెండూ వాడాను. హైడ్రోకోట్ నీటితో చేసింది, వాసన తక్కువ, రోలర్లు పంపు కింద కడుక్కోవచ్చు. నా బోటు మీద రెండింటికీ పెద్ద తేడా కనపడలేదు. ఆ ఏడు ఏది తగ్గింపులో దొరికితే అది కొంటాను. పెట్టిట్ ట్రినిడాడ్ పేరు మోసిన గట్టి రంగు, కానీ అది మీ వాడకానికి కాదు. మీరు రెండు వారాలకోసారి నడుపుతానన్నారు, అది అబ్లేటివ్‌కి సరిపోతుంది. నెలల తరబడి స్లిప్పులో కట్టేసి ఉంచితే మాత్రం ఏ అబ్లేటివ్ మీదైనా పాకుడు పరుచుకుంటుంది. అప్పుడు మెత్తటి స్పాంజితో తుడిపించండి. గరుకు బ్రష్షుతో తోమిస్తే నీళ్ళలో ఎర్రటి మబ్బు లేస్తుంది, ఆ మబ్బు మీరు డబ్బిచ్చి కొన్న రంగే.

కాపర్‌కోట్ గురించి కూడా ఎవరో చెప్పారన్నారు. అది ఎపాక్సీలో రాగిపొడి కలిపి పూసే పద్ధతి, సరిగ్గా వేస్తే పదేళ్ళు దాటుతుంది. కానీ అడుగంతా జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీదుండే నున్నటి పొర) దాకా గీకి, వాతావరణం కుదిరిన ఒకేరోజున పొరల మీద పొరలు వేయాలి. బోటు కొన్న మొదటి ఏడాది, ఇది మనతో పదేళ్ళుంటుందో లేదో తెలియనప్పుడు, ఆ ఖర్చు నేనైతే పెట్టను.

ఎన్ని గాలన్లు? బోటు తయారీదారు చెప్పిన వాటర్‌లైన్ పొడవు 25 అడుగులు. వెడల్పు 10.8, ఫిన్ కీల్ అయితే లోతు 5.25. మామూలు బరువున్న సెయిల్‌బోటుకి లెక్క: వాటర్‌లైన్ పొడవుని, వెడల్పూ లోతూ కలిపిన మొత్తంతో గుణించి, అందులో ముప్పావు వంతు. 25 × 16.05 అంటే 401, అందులో ముప్పావు సుమారు 300 చదరపు అడుగులు. ఇంకో లెక్క ఉంది: మొత్తం పొడవు × వెడల్పు × 0.85, అంటే 30 × 10.8 × 0.85, సుమారు 275. రెండింటికీ మధ్యలో 290 అనుకుందాం. రోలర్‌తో గాలన్‌కి 400 చదరపు అడుగుల దాకా వస్తుందని డబ్బాలు చెప్తాయి. ఒక కోటుకి ముప్పాతిక గాలన్ అన్నమాట. మొదటి కోటు ఎరుపు, రెండోది నీలం. ఒక్కో డబ్బాలో పావు వంతు మిగులుతుంది. మిగిలిన ఎరుపుని మొదట్లోనే, నీలాన్ని ఆఖర్న, ఎక్కువ అరిగే చోట్ల అదనంగా వేయాలి: వాటర్‌లైన్ చుట్టూ ఒక జానెడు పట్టీ, కీల్ ముందంచు, చుక్కాని రెండు అంచులూ.

రెండు రంగులెందుకంటే, నీలం అరిగి ఎరుపు కనపడిందంటే అక్కడ పని పడిందని అర్థం. నీలం ఇంకా నిండుగా ఉంటే ఈ ఏడు వేయక్కర్లేదు. ఒకే రంగు రెండు కోట్లు వేసినవాడు ఎంత మిగిలిందో తెలియక, భయానికి ఏటా వేస్తుంటాడు. నేను ఆరేళ్ళు అలాగే వేశాను. ఇందులో పైసా అదనపు ఖర్చు లేదు, దుకాణంలో రెండో డబ్బా వేరే రంగులో అడగడమే.

డబ్బు లెక్క. కింది అంకెలు నా ఖాతా పుస్తకంలో కిందటి వసంతంవి. మీ దగ్గర అటూ ఇటూ అవుతాయి.

రంగు గాలన్ 240 చొప్పున రెండు, మేరీలాండ్ 6 శాతం పన్నుతో 510. వాక్యూమ్ సాండర్ అద్దె రెండు రోజులకి 130. డిస్కులు 45. రెస్పిరేటర్, దాని కార్ట్రిడ్జులు, ఒంటిమీద వేసుకునే కాగితపు సూట్లు, కళ్ళజోడు 85. రోలర్లు, ట్రేలు, టేపు, సాల్వెంట్ 75. ఆనోడ్లు (మిగతా లోహభాగాల బదులు తామే అరిగిపోయే లోహపు ముక్కలు) 50. లోతు కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌కి వేసే రంగు, ప్రొపెల్లర్‌కి కొట్టే జింక్ స్ప్రే 75. మొత్తం 970. పదిహేను శాతం చేతిలో ఉంచుకోండి, ఎందుకంటే గీకడం మొదలెట్టాక ఏదో ఒకటి బయటపడుతుంది. అక్కడికి 1,115.

"140 డాలర్ల డబ్బా వేస్తే ఎంత మిగిలేది?" అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ చవక డబ్బాలు చాలావరకు ఒక్క సీజన్‌వి. 140 చొప్పున రెండు, పన్నుతో దాదాపు 300. ఏటా సాండరూ డిస్కులూ రోలర్లూ సూట్లూ కలిపి ఇంకో 280. ఏడాదికి 580, రెండేళ్ళకి 1,160. మల్టీ సీజన్ రకానికి రంగు 510, ఆ సామాన్ల 280, రెండో వసంతంలో అరిగిన చోట దిద్దడానికి ఒక క్వార్ట్ (పావు గాలన్) డబ్బా 75. రెండేళ్ళకి 865. రెండో ఏడు ఏప్రిల్‌లో రెండు వారాంతాలు బోటు కింద వెల్లకిలా పడుకునే బాధ కూడా తప్పుతుంది. దానికి వెల నేను కట్టలేదు, యాభై దాటిన నడుము ఉన్నవాళ్ళు కట్టుకోవచ్చు.

డబ్బు తగ్గించుకోవాలంటే రంగు నాణ్యతలో కాకుండా కొనే వేళలో తగ్గించండి. అక్టోబరులో అన్నాపొలిస్ సెయిల్‌బోట్ షో సమయంలో తగ్గింపులుంటాయి. వసంతంలో తయారీదార్లు కూడా రిబేటు ఇస్తుంటారు. మెరీనాలో నలుగురు కలిసి డబ్బాల పెట్టె మొత్తం కొంటే కొన్ని దుకాణాలు ధర తగ్గిస్తాయి, అడగడానికి మొహమాటపడకండి. సాండర్ సొంతంగా కొనాలన్న ఆలోచన మొదటి ఏడాది వద్దు. రెస్పిరేటర్ దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. ఆ ధూళి విషం. మందుల షాపులో దొరికే గుడ్డ మాస్కు కాదు, పీ100 కార్ట్రిడ్జులున్నదే కావాలి. పనిబట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

యార్డు 3,400 అన్నారు కదా, అది మోసం అనను. వాళ్ళ గంట కూలీ, ధూళి పట్టే ఏర్పాట్లు, బీమా అన్నీ అందులో ఉంటాయి. కానీ విడివిడిగా రాసిమ్మని అడగండి. సాండింగ్‌కి ఎన్ని గంటలు, రంగు ఏ ధరకి, పర్యావరణ రుసుము ఎంత? సగం సగం చేసే దారి కూడా ఉంది: గీకడం వాళ్ళు చేస్తారు, పూయడం మనం. దుమ్ము పని వాళ్ళది, రోలర్ పని మనది. నిరుడు నా పక్క బోటాయన అలాగే 1,700లో బయటపడ్డాడు. అన్నిటికంటే ముందు ఒక్కటి కనుక్కోండి: ఆ యార్డులో ఓనర్లు సొంతంగా అడుగు రంగు వేసుకోనిస్తారా? కొన్నిచోట్ల వాటర్‌లైన్ కింద చేయి పెట్టనివ్వరు. ఇచ్చేచోట కూడా వాక్యూమ్ లేని సాండింగ్ ఒప్పుకోరు. రంగు కొన్నాక తెలిస్తే డబ్బాలు గరాజ్‌లో అలంకారానికే.

ఇప్పుడు పెద్దాయన టిన్ డబ్బా. ఆయన అబద్ధం చెప్పలేదు. ట్రైబ్యూటైల్ టిన్ ఉన్న రంగుల్లా పనిచేసినవి మరి రాలేదు. కాకపోతే అది బోటు అడుగున ఆగేది కాదు. ఫ్రాన్స్‌లో అర్కషోన్ అఖాతంలో ఆయిస్టర్ల గుల్లలు వికారంగా దళసరెక్కి, ఆ సాగు మీద బతికేవాళ్ళు దివాలా అంచుకి వెళ్ళారు. 1982లో ఫ్రాన్స్ 25 మీటర్ల లోపు పడవలకి దాన్ని ఆపేసింది. అమెరికాలో 1988 చట్టం అదే పరిమాణంలోపు పడవలకి, అల్యూమినియం వాటిని మినహాయించి, నిషేధించింది. అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది, అప్పటి నుంచి పెద్ద ఓడలకీ లేదు. చెసాపీక్‌లో ఆయిస్టర్లని తిరిగి నిలబెట్టడానికి ఇంత ఖర్చు పెడుతుంటే మనం ఆ డబ్బా తెరవడం బాగోదు, పైగా చట్టవిరుద్ధం. ఆయనకి మర్యాదగా కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఎక్కడుందో చెప్పండి. మీ దగ్గర మిగిలిన రంగు కూడా అక్కడికే పోవాలి.

రాగికీ ఇలాంటి రోజులొస్తున్నాయి. శాన్ డియేగోలో షెల్టర్ ఐలండ్ బోట్ల రేవు నీళ్ళలో రాగి ఎక్కువైందని 2005లోనే కోత మొదలెట్టారు. 2018 జులై నుంచి కాలిఫోర్నియాలో వినోద పడవల రంగుల నుంచి రాగి ఊరే వేగానికి పరిమితి ఉంది: చదరపు సెంటీమీటరుకి రోజుకి 9.5 మైక్రోగ్రాములు. అక్కడి మన తెలుగువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే డబ్బా మీద కాలిఫోర్నియాలో అమ్మకానికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఎకోనియా అనే రాగిలేని మందుతో చేసిన రంగులు వాళ్ళకి ఒక దారి. గుల్లలకి బాగా పనిచేస్తుంది. పాకుడుకి మాత్రం తోడు మందు కావాలి.

వ్యాఖ్యల్లో ఒకరు అల్యూమినియం సెయిల్‌డ్రైవ్ (ఇంజను నుంచి నీళ్ళలోకి దిగి ప్రొపెల్లర్‌ని తిప్పే కాలు) గురించి అడిగారు. మీ కాటలినాకి మామూలు షాఫ్టూ కంచు ప్రొపెల్లరూ ఉంటాయి కాబట్టి మీకు బెంగ లేదు. అల్యూమినియం భాగాల మీద క్యూప్రస్ ఆక్సైడ్ రంగు వేయకూడదు, ఉప్పునీటిలో రాగి దాన్ని తినేస్తుంది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌకకి అడుగంతా రాగి రేకు తాపడం చేసింది. గుల్లల విషయంలో బ్రహ్మాండంగా పనిచేసింది. రెండేళ్ళ తర్వాత చూస్తే రాగి తగిలిన చోట ఇనుప మేకులు పుచ్చిపోయాయి. రేకు చుట్టివచ్చిన కాగితం మధ్యలో మిగిలిపోయిన చోట మాత్రం బాగున్నాయి. మా మెరీనాలో ఒకాయన మిగిలిన అడుగు రంగు వృథా ఎందుకని సెయిల్‌డ్రైవ్ కాలుకి పూశాడు. ఒక్క సీజన్‌కే దాని మీద మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి. ఎకోనియా, లేదా కాపర్ థయోసయనేట్ ఉన్నవి అడగండి, అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉండాలి.

మీ బోటుకి ప్రత్యేకంగా ఒక మాట. పాత కాటలినాల్లో కీల్ హల్‌కి (బోటు ఒంటికి) కలిసేచోట ముందు భాగంలో సన్నటి పగులు కనిపిస్తుంది, దాన్నిక్కడ "కాటలినా నవ్వు" అంటారు. కనపడితే పుట్టీ పెట్టి పైన రంగేసి మూయకండి. కీల్ బోల్టులు ఎలా ఉన్నాయో, ఎంత బిగువుగా ఉన్నాయో ముందు చూపించండి. అలాగే గీకేటప్పుడు జెల్‌కోట్ మీద బొబ్బల్లాంటివి కనపడితే లెక్కపెట్టి ఫొటోలు తీసుకోండి. పదీ ఇరవై ఉంటే ఒక్కొక్కటీ తెరిచి, ఎండనిచ్చి, ఎపాక్సీతో పూడ్చి ఈ ఏడు గడిపేయొచ్చు. అడుగంతా ఉంటే అది మొత్తం గీకి బారియర్ కోట్ (నీళ్ళు లోపలికి దిగకుండా ఆపే పూత) వేసే పని, దాని బడ్జెట్ వేరే, ఈ ఏప్రిల్‌లో అయ్యేది కాదు.

పూసేటప్పటి సంగతులు గబగబా చెప్తాను. రాగి బరువు, డబ్బా అడుక్కి చేరి గట్టిపడుతుంది. దుకాణంలోనే మెషీన్ మీద గిలకొట్టించుకోండి, ఇంటికొచ్చాక కూడా మధ్యమధ్య కలుపుతూనే ఉండండి. కలపకుండా పూసిన రంగులో మొదటి సగం నీలం నీళ్ళు, రెండో సగం బురద. రోలర్ పొట్టి నూలుది తీసుకోండి, నురగ స్పాంజివి సాల్వెంట్‌కి కరిగిపోతాయి. ఏప్రిల్ ఉదయాలు ఇక్కడ మంచు పట్టి ఉంటాయి, అడుగు తడారేదాకా, కనీసం 10 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా ఆగండి. టేపుని వాటర్‌లైన్‌కి ఒకటి రెండు అంగుళాలు పైకి వేయండి. సామాన్లూ చుట్టాలూ ఎక్కాక బోటు కొంచెం కిందికి కూర్చుంటుంది, నీళ్ళు తగిలే తెల్ల జెల్‌కోట్ మీద పచ్చగడ్డి మొలుస్తుంది. రంగు ఆరకముందే టేపు లాగేయండి. ఆనోడ్ల మీద చుక్క కూడా పడకూడదు, రంగు పడిన ఆనోడ్ పనిచేయదు. ఈ ఉప్పు తక్కువ నీళ్ళకి జింక్ కంటే అల్యూమినియం ఆనోడ్లు మేలు. దించేముందు ఎన్ని గంటలు ఆరాలో డబ్బా మీద ఉంటుంది, రకాన్ని బట్టి మారుతుంది, అది పాటించండి.

ఇంకొకరు "వైజాగ్‌లో బోటు పెడితే ఇదే లెక్కా?" అని అడిగారు. కాదు. అక్కడ నీళ్ళు ఏడాదంతా వెచ్చన, గుల్లలకి సెలవు లేదు. ఓడరేవులో అడుగున పెరిగే జీవుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్తలు 1950ల్లోనే పనిచేశారు. 1967లో అదే రేవులో మైటిలోప్సిస్ సాలీ అనే చిన్న ఆల్చిప్ప బయటపడింది. దాని సొంత ఊరు మధ్య అమెరికా తీరం, ఓడలతోపాటు వచ్చిందని అనుకుంటారు. ఒడ్డెక్కే శీతాకాలం లేదు కాబట్టి అక్కడ పొర మందంగా వేసుకోవాలి, రాగి పాళ్ళు ఎక్కువున్నది చూసుకోవాలి, తరచూ తుడిపించాలి.

చివరగా, బోటుని నిలబెట్టిన జాక్ స్టాండ్ల గుడ్డల కింద రంగు పడదు, కీల్ అడుగున కూడా పడదు. స్టాండ్లని మీరు సొంతంగా జరపకండి, ఎంత తేలిగ్గా కనపడినా సరే. ఐదు టన్నుల బరువు వాటి మీదే ఆనుకుని ఉంది. యార్డువాళ్ళని పిలిస్తే ఒక్కోటి జరిపి పెడతారు. కీల్ అడుగు కోసం లాంచ్‌కి ముందు రోజు సాయంత్రం బోటుని ట్రావెల్‌లిఫ్ట్ (బోటుని ఎత్తి మోసే చక్రాల క్రేన్) పట్టీల్లో ఉంచమని అడగండి, రాత్రంతా ఆరుతుంది. కొందరు దానికి డబ్బు తీసుకుంటారు, కొందరు రోజులో ఆఖరి బోటు మీదైతే ఊరికే ఒప్పుకుంటారు. తేదీ ఖాయం చేసుకునేటప్పుడే ఆ మాట అనేయండి, ఆ పావు గాలన్ నీలం రంగు అప్పటిదాకా మూతపెట్టి ఉంచండి.